ఒక ప్యానెల్, ఒక ఫోన్, నలభై మంది పిల్లలు: ఛాత్రోపాధ్యాయులకు వెబ్ టూల్స్ మార్గదర్శి

ఇంటర్న్‌షిప్‌కి బడికి వెళ్లే ఛాత్రోపాధ్యాయుల చేతిలో మామూలుగా రెండు ఉంటాయి: నింపాల్సిన లెసన్ ప్లాన్ రికార్డు, యాప్‌ల పేర్లతో నిండిన ఒక పీడీఎఫ్. ఆ పీడీఎఫ్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. యాభై టూల్స్ పేర్లు తెలిసినందువల్ల పిల్లలకు పాఠం అర్థం కాదు. పాఠంలో వాళ్లు ఎక్కడ తడబడతారో తెలిస్తే, సరిగ్గా ఆ చోట ఒక్క టూల్ వాడినా ఫలితం కనిపిస్తుంది.

2014 నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనలతో బీఈడీ రెండేళ్ల కోర్సు అయింది. అందులో బడిలో గడపాల్సింది 20 వారాలు. వాటిలో 16 వారాలు రెండో ఏడాదిలోనే. ఒక టూల్ బాగా నేర్చుకుని, రెండు మూడు పాఠాల్లో వాడి, లోటుపాట్లు సరిచేసుకుని మళ్లీ వాడడానికి అది చాలినంత సమయం. ఇరవై టూల్స్ రుచి చూడడానికి మాత్రం చాలదు.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చెప్పబోయేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పదో తరగతి విద్యుత్ పాఠాన్ని ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరి వరకు నడిపిస్తాను. మీ సబ్జెక్టు వేరైనా వరస ఇదే.

మొదటి మెట్టు: బడిలో ఏముందో కళ్లతో చూసుకోండి

ఆంధ్రప్రదేశ్‌లో నాడు–నేడు కింద చాలా ఉన్నత పాఠశాలలకు ఐఎఫ్‌పీ ప్యానెల్స్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు, వచ్చాయి. తెలంగాణలో కొన్నిచోట్ల ప్యానెల్స్, కొన్నిచోట్ల డిజిటల్ క్లాసుల కోసం ఇచ్చిన టీవీలు, ప్రొజెక్టర్లు ఉన్నాయి, ప్రభుత్వ ఛానల్ టీ-శాట్ పాఠాలు వస్తాయి. కాగితం మీద ఉన్నది గదిలో పనిచేస్తోందో లేదో వెళ్లి చూసుకోవాల్సింది మీరే. మొదటి వారంలో పిల్లలు ఇంటికి వెళ్లాక ఒక అరగంట కేటాయించండి.

హెచ్‌ఎం గారిని అడిగి, మెంటార్ టీచర్‌ని వెంటబెట్టుకుని ప్యానెల్ ఆన్ చేయండి. ఎంతసేపటికి తెరుచుకుంటుందో గమనించండి. కొన్ని ప్యానెల్స్ మూడు నాలుగు నిమిషాలు తీసుకుంటాయి. అంతసేపూ నలభై మంది ఖాళీగా కూర్చోవాలంటే కుదరదు, కాబట్టి పీరియడ్‌కి ముందే ఆన్ చేసి ఉంచాలి. పెన్ డ్రైవ్ పెట్టి ఫైల్ తెరుచుకుంటుందో లేదో చూడండి. మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆ గదిలో ఎలా పనిచేస్తుందో చూడండి. గోడ మందం వల్ల వరండాలో వచ్చే సిగ్నల్ లోపలికి రాకపోవచ్చు. తర్వాత చివరి బెంచీలో కూర్చోండి. కిటికీ వెలుగు తెర మీద పడి మెరుస్తోందా? అక్షరాలు కనిపిస్తున్నాయా? మధ్యాహ్నం రెండింటికి ఎండ ఏ వైపు నుంచి పడుతుందో కూడా అడిగి తెలుసుకోండి. మీ పీరియడ్ ఆ వేళకే పడొచ్చు.

ప్యానెల్ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా కనుక్కోండి. ఆ రోజు ఆయన సెలవు పెడితే మీ పాఠం ఆగిపోకూడదు.

రెండో మెట్టు: పిల్లలు తడబడే చోటు పట్టుకోండి

ఎక్కువ మంది వదిలేసే మెట్టు ఇదే. టూల్ ఎంచుకునే ముందు మూడు పనులు చేయండి. మెంటార్ టీచర్‌ని "ఈ పాఠంలో ఏటేటా పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారు మేడమ్?" అని అడగండి. పాత జవాబు పత్రాలుంటే తిరగేయండి. తర్వాత ఖాళీ పీరియడ్‌లో నలుగురైదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పేది దిద్దకుండా వినండి.

విద్యుత్ పాఠానికైతే ఇలా అడగొచ్చు: "బ్యాటరీకి రెండు ఒకేరకం బల్బులు శ్రేణి సంధానంలో కలిపాం. ఏది ఎక్కువ వెలుగుతుంది?" చాలామంది "మొదటిది" అంటారు. ఎందుకురా అంటే "మొదటి బల్బు కరెంటు వాడేసుకుంటుంది కదా, మిగిలిందే రెండోదానికి వెళ్తుంది" అంటారు. ఇది ఒక ఊరికో ఒక మాధ్యమానికో పరిమితమైన పొరపాటు కాదు. సైన్సు బోధనపై పరిశోధించేవాళ్లు ఎన్నో దేశాల పిల్లల్లో దీన్నే చూశారు. ఓమ్ నియమం అప్పజెప్పి, లెక్క సరిగ్గా చేసి, ఫుల్ మార్కులు తెచ్చుకున్న పిల్లవాడి మనసులో కూడా ఈ ఊహ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇంట్లో "కరెంటు ఎంత కాలింది", "ఫ్రిజ్ చాలా కరెంటు తాగుతుంది" అనే మాటలు రోజూ వింటూ పెరుగుతారు. ఖర్చయ్యేది శక్తి అనీ, శ్రేణిలో ప్రవాహం అంతటా ఒకటే అనీ ఎవరైనా చూపించాలి.

ఇప్పుడు మీకు టూల్‌తో చేయించాల్సిన పని స్పష్టంగా తెలిసింది: వలయంలో బల్బుకు ముందూ తర్వాతా ప్రవాహం సమానంగా ఉండడం కళ్లకు కనిపించాలి. లెసన్ ప్లాన్‌లో ఈ వాక్యం రాశాకే వెబ్‌సైట్ తెరవండి.

మూడో మెట్టు: ఆ పనికి తగిన ఒకే ఒక్క టూల్

సైన్సుకి నా మొదటి ఎంపిక ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ పొందిన కార్ల్ వైమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. పూర్తిగా ఉచితం. ఖాతా లేకుండానే తెరుచుకుంటాయి, చాలావాటిని డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా నడపొచ్చు. కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. అనువాదాల పేజీలో తెలుగు ఎంచుకుంటే జాబితా వస్తుంది. మీకు కావలసినది తెలుగులో లేకపోతే ఆంగ్లానిదే పెట్టి, తెర మీది మాటలకు పాఠ్యపుస్తకంలోని తెలుగు మాటలు బోర్డు మీద పక్కపక్కన రాయండి. పిల్లలకు ఇబ్బంది ఉండదు.

లెక్కలకు జియోజెబ్రా, బొమ్మలు గీసి కదిపి చూసే గణిత టూల్. దీన్ని మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ పరిశోధనగా మొదలుపెట్టారు. త్రిభుజం శీర్షాన్ని పట్టుకుని ఎటు లాగినా మూడు కోణాల మొత్తం 180 దగ్గరే నిలబడడం చూపించడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు తెలియదు. అయితే అక్కడితో ఆగకండి. ఎప్పుడూ అంతే అవుతుందని చూడడం వేరు, ఎందుకవుతుందో నిరూపించడం వేరు. లాగి చూపించిన వెంటనే బోర్డు మీద నిరూపణకు రావాలి.

సాంఘికశాస్త్రానికి ఇస్రో వారి భువన్, లేదా గూగుల్ ఎర్త్. కృష్ణా, గోదావరి డెల్టాలు సముద్రంలోకి చొచ్చుకొచ్చిన తీరు పటంలో చూస్తే ఒక గీతలా ఉంటుంది, ఉపగ్రహ చిత్రంలో చూస్తే ఒండ్రు, కాలువలు, చేపల చెరువులతో సహా కనిపిస్తుంది. ముందు మీ బడి పైకప్పు చూపించి, అక్కడి నుంచి నది వరకు తీసుకెళ్లండి.

తెలుగు పాఠానికి ఆంధ్రభారతి నిఘంటు శోధన. ఒక మాట టైప్ చేస్తే పలు నిఘంటువుల్లోని అర్థాలు ఒకేచోట వస్తాయి. పద్యంలోని కఠిన పదాన్ని పిల్లల చేతే వెతికించి, "ఇన్ని అర్థాల్లో ఈ పద్యానికి ఏది నప్పుతుంది?" అని అడిగితే అదే ఒక మంచి పాఠం. వికీసోర్స్‌లో పాత కావ్యాలు, శతకాలు దొరుకుతాయి. నెట్ అస్సలు లేని బడిలో కీవిక్స్ అనే ఆఫ్‌లైన్ యాప్ ద్వారా తెలుగు వికీపీడియాను ముందే దించుకుని కంప్యూటర్‌లో పెట్టొచ్చు.

దీక్ష వేదిక 2017 సెప్టెంబరులో మొదలైంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి చెందిన వీడియోలు వస్తాయి. మంచివి చాలా ఉన్నాయి. కానీ వీడియో పెట్టి పక్కన నిలబడితే అది మీ పాఠం అవ్వదు. ముందురోజు మొత్తం చూసి, మీకు పనికొచ్చే రెండు మూడు నిమిషాల ముక్క ఎక్కడుందో నిమిషం, సెకనుతో సహా రాసుకోండి. ఆ ముక్కే చూపించండి, మధ్యలో ఆపి ప్రశ్న అడగండి.

నాలుగో మెట్టు: టూల్‌ను ముందు మీరు ఇంట్లో నలగ్గొట్టండి

మన ఉదాహరణకి ఫెట్‌లో డీసీ వలయాల కిట్ తెరవండి. సిమ్యులేషన్ పేజీలో డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. నొక్కితే ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైల్ దిగుతుంది. దాన్ని పెన్ డ్రైవ్‌లో, ఫోన్‌లో, మీ మెయిల్‌లో మూడు చోట్లా పెట్టుకోండి. బ్రౌజర్ ఉన్న ఏ ప్యానెల్ మీదైనా అది నెట్ లేకుండా తెరుచుకోవాలి. బడి ప్యానెల్ మీద మాత్రం ముందురోజే తెరిచి చూడండి. పాత బ్రౌజర్లు కొన్నిసార్లు మొండికేస్తాయి.

ఎడమవైపు తీగ, బ్యాటరీ, బల్బు, నిరోధకం, స్విచ్ ఉంటాయి. వాటిని లాక్కొచ్చి చివరలు కలిపితే వలయం అవుతుంది. దేన్నయినా తాకితే కింద దాని విలువ మార్చే మీట వస్తుంది. ఒక 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల నిరోధకం ఒకటి కలపండి: అమ్మీటరు 0.90 ఆంపియర్లు చూపుతుంది. శ్రేణిలో ఇంకొక 10 ఓమ్‌లు చేర్చండి: 0.45. మూడోది చేర్చండి: 0.30. వోల్టేజీ రెట్టింపు చేయండి, ప్రవాహం రెట్టింపవుతుంది. ఓమ్ నియమం పట్టిక మొత్తం ఇక్కడే తయారవుతుంది.

ఇంట్లోనే కనిపెట్టుకోవాల్సిన చిక్కులు రెండున్నాయి. మొదటిది, తెరవగానే తీగల్లో కదిలేవి ఎలక్ట్రాన్లు. అవి బ్యాటరీ రుణ ధ్రువం నుంచి బయల్దేరతాయి. పాఠ్యపుస్తకంలో బాణం ధన ధ్రువం నుంచి గీసి ఉంటుంది. ఇది ముందే చెప్పకపోతే తెలివైన పిల్ల ఎవరో లేచి "సార్, ఇది తిరగబడింది" అంటుంది, మీరు తడుముకుంటారు. పక్కనున్న మీటతో సాంప్రదాయ ప్రవాహ దిశకు మార్చుకోవచ్చు. రెండోది, అమ్మీటర్లు రెండు రకాలున్నాయి. ఒకటి వలయంలో శ్రేణిలో కలపాల్సింది. రెండోది తీగ మీద ఉంచితే చాలు, అక్కడి ప్రవాహం చెప్తుంది. మనం చూపించాల్సిందానికి రెండోదే సరైనది. దాన్ని తీగ వెంబడి బల్బుకు ముందు, రెండు బల్బుల మధ్య, ఆ తర్వాత అలా జరుపుకుంటూ పోతే అంకె మారదు. అయితే నిజమైన అమ్మీటరును వలయంలో శ్రేణిలోనే కలపాలని తప్పకుండా చెప్పాలి. లేకపోతే ల్యాబ్‌లో దాన్ని తీగ మీద ఊరికే ఆనించి చూస్తారు.

ఇంకో సంగతి. బ్యాటరీ రెండు చివరలనూ తీగతో నేరుగా కలిపితే తెర మీద మంట వస్తుంది. పిల్లలు మొదట చేసేది అదే. ఆపకండి. మొదటి రెండు నిమిషాలు వాళ్లకే వదిలేసి, "ఇంట్లో ఇలాగే అయితే ఏం జరుగుతుంది? ఫ్యూజ్ ఎందుకు?" అని అడిగి అక్కడి నుంచి పాఠంలోకి రండి.

ఐదో మెట్టు: తరగతిలో నడిపే తీరు

వస్తువు చేతిలో ఉంటే వస్తువే ముందు. రెండు టార్చి బల్బులు, సెల్లు, తీగలు బల్ల మీద పెట్టి పాఠం మొదలుపెట్టండి. సిమ్యులేషన్ దాని తర్వాతే. తీగ పట్టుకుని బల్బు వెలిగించిన పిల్లకి ఉండే నమ్మకం తెర చూసిన పిల్లకి ఉండదు.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. కొట్లో కొన్న రెండు టార్చి బల్బులు ఒకే రకమైనా ఒకేలా వెలగకపోవచ్చు. తయారీలో చిన్న తేడాలుంటాయి. శ్రేణిలో కలిపినప్పుడు మొదటిదే కొంచెం కాంతిమంతంగా వెలిగితే "చూశారా సార్, మేం చెప్పిందే కరెక్టు" అంటారు. అప్పుడు మాట్లాడకుండా రెండు బల్బుల స్థానాలు మార్చండి. ఇందాక ఎక్కువ వెలిగిన బల్బు ఇప్పుడు రెండో స్థానంలో ఉండి కూడా ఎక్కువే వెలుగుతుంది. తేడా స్థానంలో లేదు, బల్బులోనే ఉంది. ఈ ఒక్క మార్పిడి గంట ఉపన్యాసానికి సమానం. ఆ తర్వాత "అచ్చంగా ఒకేలాంటి రెండు బల్బులు దొరికితే?" అని అడిగి సిమ్యులేషన్ తెరవండి. ఇప్పుడు ఆ తెర ఎందుకు అవసరమైందో పిల్లలకే తెలుస్తుంది.

45 నిమిషాల పీరియడ్‌ని నేను ఇలా పంచుతాను. మొదటి పది నిమిషాలు నిజం బల్బులు. తర్వాత మూడు నిమిషాలు ఊహ: తెర మీద వలయం కట్టి, స్విచ్ తెరిచే ఉంచి, "మూడు చోట్ల ప్రవాహం ఎంతెంత ఉంటుందో నోట్‌బుక్‌లో రాయండి" అనాలి. అంకె రాని పిల్లలు ఎక్కువ, తక్కువ, సమానం అని రాసినా సరే. రాయకుండా చూస్తే లాభం లేదు. రాసుకున్న అంచనా తప్పినప్పుడే పిల్లలు "ఎందుకు?" అంటారు. రాయనివాళ్లు "నాకు ముందే తెలుసు" అనుకుని ఊరుకుంటారు. అందరూ రాసేదాకా స్విచ్ వేయకండి, ఎంత బతిమాలినా.

తర్వాత పదిహేను నిమిషాలు చేసి చూడడం. ప్యానెల్ దగ్గర మీరుండకండి. ఒక పిల్లని పిలవండి, తను వేలితో కదుపుతుంది, ఏం చేయాలో తరగతి చెప్తుంది. ప్రతి మూడు నాలుగు నిమిషాలకు మనిషిని మార్చండి, ఎప్పుడూ చేయెత్తేవాళ్లని కాకుండా వెనక బెంచీ నుంచి కూడా పిలవండి. మీ చోటు తరగతి వెనక. అక్కడి నుంచి చూస్తే ఎవరు రాస్తున్నారో, ఎవరు కిటికీలోంచి చూస్తున్నారో తెలుస్తుంది. ఆ తర్వాత ఏడెనిమిది నిమిషాలు ప్యానెల్ ఆపేసి, జంటలుగా "నా ఊహ ఇది, జరిగింది ఇది, కారణం ఇది" అని మూడు వాక్యాలు రాయించాలి. తెర వెలుగుతున్నంతసేపూ పిల్లలు రాయరు. కాబట్టి నిజంగానే ఆపేయండి.

మిగిలిన సమయం తర్వాతి మెట్టుది.

ఆరో మెట్టు: ఎవరికి అర్థమైందో తెలుసుకునే టూల్

"అర్థమైందా?" అంటే నలభై గొంతులు "అయ్యింది సార్" అంటాయి. ఆ జవాబుతో మీకు ఒరిగేదేమీ లేదు. పిల్లల దగ్గర ఫోన్లు లేని తరగతికి, ఉన్నా తేకూడని తరగతికి, నేను గట్టిగా సూచించేది ప్లిక్కర్స్. ఇందులో ఫోన్ మీది ఒక్కటే చాలు. పిల్లల చేతిలో కాగితం కార్డులుంటాయి.

పద్ధతి ఇది. ప్లిక్కర్స్ సైట్‌లో ఖాతా తెరిచి కార్డుల పీడీఎఫ్ ఉచితంగా దించుకోండి. 40 కార్డుల సెట్ ఉంటుంది, పెద్ద తరగతికి 63 కార్డుల సెట్ ఉంది. జిరాక్స్ షాపులో మామూలు మందపాటి కాగితం మీద ప్రింట్ తీయించండి. మెరిసే లామినేషన్ వద్దు, వెలుగు పడి కెమెరా చదవలేదు. ప్రతి కార్డు మీద ఒక నంబరు, ఒక నల్లటి గడుల బొమ్మ ఉంటాయి. నాలుగు అంచుల దగ్గర ఎ, బి, సి, డి అని ఆంగ్ల అక్షరాలు చిన్నవిగా ఉంటాయి. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా పిల్ల కార్డు తిప్పి పట్టుకుంటుంది. మీరు యాప్‌లో కెమెరా తెరిచి తరగతి మీదుగా మెల్లగా తిప్పితే ఎవరు ఏ జవాబు పట్టుకున్నారో ఫోన్‌లో పడిపోతుంది. ప్రతి కార్డు బొమ్మా వేరు కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు. తప్పు చెప్పింది ఎవరో తరగతికి తెలియదు, మీకు తెలుస్తుంది. సిగ్గరి పిల్లలకు ఇది పెద్ద ఊరట.

మొదటి రోజు పాఠంలో వాడకండి. "మీకు ఇష్టమైన ఆట ఏది?" లాంటి ప్రశ్నతో కార్డు పట్టుకోవడం నేర్పండి. బొటనవేలు గడుల మీద పడకుండా అంచులు పట్టుకోవాలి, కార్డు కదపకూడదు, ఛాతీ ఎత్తులో ఉంచాలి. పిల్లల వెనక కిటికీ ఉంటే కార్డులు నీడలో పడతాయి. మీరు పక్కకు జరిగి స్కాన్ చేయండి.

ఇక ప్రశ్న. అసలు పనితనం యాప్‌లో లేదు, ప్రశ్నలోనే ఉంది. ప్రతి తప్పు జవాబూ ఒక నిజమైన పొరపాటు నుంచి పుట్టాలి. ఇలా:

"9 వోల్టుల బ్యాటరీకి రెండు ఒకేరకం బల్బులు శ్రేణిలో ఉన్నాయి. మొదటి బల్బుకు ముందు ప్రవాహం 0.45 ఆంపియర్లు. రెండో బల్బు దాటాక ఎంత?
ఎ) 0.90 ఆంపియర్లు
బి) 0.45 ఆంపియర్లు
సి) 0.45 కన్నా తక్కువ, కానీ సున్నా కాదు
డి) సున్నా"

ఎ పట్టుకున్నవాళ్లు రెండు బల్బులు కదా అని కూడేశారు. సి పట్టుకున్నవాళ్ల మనసులో "బల్బు కరెంటు వాడేసుకుంటుంది" అన్న ఊహ ఇంకా ఉంది. డి అన్నవాళ్లు మొత్తం ఖర్చయిపోయిందనుకున్నారు. ఫోన్ చూడగానే ఎవరి దగ్గరకు వెళ్లి ఏం మాట్లాడాలో మీకు తెలిసిపోతుంది. "శ్రేణి సంధానం అంటే ఏమిటి?" అని నాలుగు నిర్వచనాలిచ్చి అడిగితే ఇందులో ఏదీ తెలియదు.

ఫలితాన్ని ఇలా వాడండి. చాలామంది సరిగ్గా చెబితే ముందుకు వెళ్లండి, మిగిలినవాళ్లతో సాయంత్రం కూర్చోండి. తరగతి రెండుగా చీలితే సరైన జవాబు చెప్పకుండా "పక్కవాళ్లను ఒప్పించండి" అని రెండు నిమిషాలిచ్చి మళ్లీ కార్డులు ఎత్తించండి. ఎక్కువమంది తప్పు చెబితే రేపటి పాఠం మార్చండి. ప్రణాళిక వెనకబడుతుందని భయపడకండి. అర్థం కాని పాఠం మీద ఇంకో పాఠం పేర్చినా అది నిలవదు.

ఒక్కో పీరియడ్‌కి ఇలాంటి ప్రశ్నలు రెండు మూడు చాలు. ఉచిత ఖాతా పరిమితుల్లోనే పని జరిగిపోతుంది. ప్లిక్కర్స్‌కి ఆ సమయంలో నెట్ కావాలి. సిగ్నల్ లేని గదిలో ఎ, బి, సి, డి లకు నాలుగు రంగుల కాగితాలిచ్చి ఎత్తించండి. పేర్లు ఫోన్‌లో నమోదు కావు, అంతే తేడా. కహూట్ లాంటి క్విజ్ ఆటలు పిల్లలందరి ముందూ కంప్యూటర్లున్న ల్యాబ్‌లో బాగుంటాయి. వేగానికి మార్కులిచ్చే ఆటలు ఆలోచించాల్సిన ప్రశ్నలకు పనికిరావని నా అభిప్రాయం. గూగుల్ ఫామ్స్‌లో క్విజ్ పెట్టడం మీ తోటి ఛాత్రోపాధ్యాయులతో సాధన చేయండి, ఉద్యోగంలో చేరాక బాగా ఉపయోగపడుతుంది.

తెలుగు అక్షరాల గురించి కొంత

మెంటార్ టీచర్ దగ్గర పాత ప్రశ్నపత్రాల ఫైళ్లుంటే అవి చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేసినవై ఉంటాయి. వాటిని కాపీ చేసి వెబ్ టూల్‌లో అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. వెబ్‌లో ఏదైనా యూనికోడ్‌లోనే ఉండాలి. ఫోన్‌లో గూగుల్ కీబోర్డుతో టైప్ చేయొచ్చు, మైకు నొక్కి చెప్పి రాయించుకోవచ్చు. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటే మంచిది, లేదంటే ఆంగ్ల అక్షరాలతో తెలుగు రాసే లేఖిని సైట్ ఉంది. మైకుతో రాయించినది మాత్రం అచ్చుతప్పులు చూడకుండా తెర మీద పెట్టకండి. పిల్లలు తెర మీద చూసిందే సరైనదనుకుని నోట్‌బుక్‌లో దించుకుంటారు.

తెర మీద తెలుగుకు ఆంగ్లం కన్నా పెద్ద అక్షరాలు, ఎక్కువ వరస దూరం కావాలి. గుణింతాలు పైకి, ఒత్తులు కిందికి వెళ్తాయి. వరసలు దగ్గరగా ఉంటే పై వరస ఒత్తులు కింది వరస తలకట్లకు తగులుకుంటాయి. వెనక బెంచీకి "వ్యాప్తి", "వ్యక్తి" ఒకేలా కనిపిస్తాయి. రామభద్ర, మండలి లాంటి ఉచిత ఫాంట్లు పెట్టి చూడండి. శీర్షికలకు రామభద్ర, వాక్యాలకు మండలి నాకు నచ్చుతాయి. ఒక స్లైడులో నాలుగైదు వరసలు దాటకండి.

పిల్లల వివరాలు, ఇతరుల బొమ్మలు

వెబ్ టూల్స్‌లో పిల్లల పూర్తి పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, ఫోటోలు పెట్టకండి. ప్లిక్కర్స్ జాబితాలో రోల్ నంబర్లు చాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పిల్లలకు ఖాతాలు తెరిపించే టూల్ ఏదైనా హెచ్‌ఎం గారి అనుమతి లేకుండా ముట్టుకోకండి. మీ పాఠం బాగా జరిగిందని పిల్లల ముఖాలు కనిపించే ఫోటో స్టేటస్‌లో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. బోర్డునో ప్యానెల్‌నో వాళ్ల చేతి రాతనో తీసుకోండి.

హోంవర్క్ కోసం ఫోన్ తప్పనిసరి చేయకండి. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోన్ నాన్నతో పాటు పనికి వెళ్తుంది, రాత్రి తొమ్మిదికి ఇంటికొస్తుంది. అప్పటికి ఆ పిల్ల నిద్రపోతుంది.

బొమ్మల కోసం గూగుల్‌లో కనిపించినవి తీసుకోవడం కన్నా వికీమీడియా కామన్స్‌లో వెతకండి. అక్కడ ప్రతి బొమ్మ కింద దాన్ని ఎలా వాడుకోవచ్చో, ఎవరి పేరు చెప్పాలో రాసి ఉంటుంది. పాఠం చెప్పే క్రమంలో వాడుకోవడానికి మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కొంత వెసులుబాటు ఇస్తుంది. అయినా బొమ్మ కింద తీసినవారి పేరు రాయడం అలవాటు చేసుకోండి. పిల్లలు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.

ప్రశ్నలు తయారు చేయడానికి ఏఐ టూల్స్ వాడేవాళ్లు పెరిగారు. వాడొచ్చు. అయితే వచ్చిన ప్రతి ప్రశ్నా మీరు సొంతంగా చేసి చూడాలి. తెలుగులో అడిగితే పాఠ్యపుస్తకంలో లేని పరిభాష వస్తుంటుంది. పుస్తకంలో "పొటెన్షియల్ భేదం" అని ఉంటే మీరూ అదే వాడాలి, లేకపోతే పరీక్షలో పిల్లలు తికమకపడతారు. జవాబు పత్రాలు ఫోటో తీసి పేర్లతో సహా వాటిలో ఎక్కించడం అస్సలు చేయకండి.

కరెంటు పోతే

పోతుంది. లెసన్ ప్లాన్‌లోనే "ప్యానెల్ లేకపోతే" అని ఒక పేరా రాసి ఉంచండి. వలయం చార్టు మీద గీసి, మూడు చోట్ల ఖాళీ పెట్టెలు పెట్టండి. అంచనా, చర్చ, రంగుల కాగితాలు అన్నీ అలాగే నడుస్తాయి. నిజం బల్బులు ఎలాగూ సెల్లుతోనే వెలుగుతాయి. సిమ్యులేషన్ ఫైల్ మీ ఫోన్‌లో ఉంది కాబట్టి జట్లుగా పిలిచి చూపించొచ్చు. ఐదు నిమిషాలు చూసి కరెంటు రాకపోతే వెంటనే ఇటు మళ్లండి. ప్యానెల్ ముందు నిలబడి స్విచ్‌లు నొక్కుతూ ఉంటే తరగతి చేయి జారిపోతుంది.

చివరి మెట్టు: రికార్డు, రెండోసారి

రికార్డులో "ఐసీటీ (సమాచార సాంకేతికత) వాడాను" అని ఒక ముక్క రాస్తే సూపర్‌వైజర్‌కీ మీకూ ఉపయోగం లేదు. నాలుగు సంగతులు రాయండి: పిల్లలు తడబడే చోటు ఏది, దానికి ఏ టూల్ ఎందుకు ఎంచుకున్నారు, ప్రశ్నకు ఎ, బి, సి, డి ఎందరెందరు పట్టుకున్నారు, మళ్లీ చెబితే ఏం మారుస్తారు. మూడోదాన్ని తరగతి అయిన వెంటనే, స్టాఫ్ రూమ్‌లో కూర్చోగానే రాయండి. సాయంత్రానికి మరిచిపోతారు.

బడిలో రెండు సెక్షన్లుంటే అదే పాఠం రెండో సెక్షన్‌కి చెప్పే అవకాశం మెంటార్ టీచర్‌ని అడిగి తీసుకోండి. అప్పుడు ఒక్కటే మార్చండి, ప్రశ్న కానీ వరస కానీ. రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇంటర్న్‌షిప్ అయిపోయే ముందు బడి కంప్యూటర్‌లో తరగతి, పాఠం పేర్లతో ఒక ఫోల్డరు చేసి సిమ్యులేషన్ ఫైళ్లు, ప్రశ్నలు, కార్డుల పీడీఎఫ్ అందులో పెట్టండి. ఏ ఫైల్ ఏ పీరియడ్‌కో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఒక పేజీలో తెలుగులో రాసి జత చేయండి. ప్రింట్ చేసిన కార్డులు కట్ట కట్టి, పైన తరగతి రాసి, మెంటార్ టీచర్ చేతికివ్వండి. ఆ ఫోల్డరు తెరిచి ఒకసారి ఆమెతోనే నడిపించండి. మీరు పక్కన కూర్చుని, మౌస్ ఆమెకే వదిలేయండి.